ఎడమకు ఒరిగే పలక

సిరిసిల్లలో సాంచె వణికిందంటే రామస్వామికి కబురు పోవాల్సిందే. సాంచె అంటే మరమగ్గం. అది నడవాలి గాని వణకకూడదు. వణికితే పోగులు తెగుతాయి, బట్టలో గీతలు పడతాయి, నేసేవాడికి యజమాని చేత చీవాట్లు పడతాయి. రామస్వామి వచ్చి, చెప్పులు బయట విడిచి, అరచెయ్యి సాంచె చట్రానికి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుని నిలబడతాడు. ఎక్కడ బోల్టు వదులైందో, ఏ కాలి కింద రబ్బరు అరిగిందో ఆ చేతికి తెలిసిపోతుంది. పని ముగించి, పానా జేబులో వేసుకుని, "ఇగ నడువనియ్యి" అని వెళ్ళిపోతాడు.

ఏం బిగించావని అడిగితే మాత్రం చెప్పడు. అది వాళ్ళ నాయన నేర్పిన పద్ధతి. ఫలానా చోట బోల్టు వదులైందని నేసేవాడికి చెప్పావా, ఇక వాడి చూపంతా ఆ బోల్టు మీదే ఉంటుంది. పోగును చూడడు, బాగున్న పోగులు కూడా తెంపుకుంటాడు. కాబట్టి చెప్పకుండా చెయ్యాలి, చేసి మరిచిపోవాలి. రామస్వామి ఈ పద్ధతితోనే తల నెరిసేదాకా బతికాడు. సాంచెల దగ్గర అది అచ్చి వచ్చింది. ఇంట్లో కూడా అదే పద్ధతి నడిపించడం వల్లనే ఈ కథ చెప్పాల్సి వస్తోంది.

భార్య ప్రేమలత బీడీలు చుడుతుంది. ఆమెదీ అదే తీరు. కూతురి బడి బట్టలు ఎక్కడ చినిగినా తెల్లారేసరికి కుట్టి ఉండేవి. "నువ్వే కుట్టినవా అమ్మా" అంటే "ఏమో" అనేది. మొగుడు ఎడ్డెమంటే పెళ్ళాం తెడ్డెమనే ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి ఒప్పుకున్న సంగతి ఒక్కటే, ఆ పిల్ల అక్షిత. ఒక్కగానొక్క బిడ్డ. ఆ పిల్ల సైకిలు పందేలు తొక్కుతుంది.

బడిలో ఉండగా ఎవరిదో మగపిల్లల సైకిలు అడుక్కుని జిల్లా పోటీలో దిగి, అందరికంటే ముందు వచ్చింది. జగిత్యాలలో పిల్లలకు సైకిలు నేర్పే కోచ్ శ్రీవాణి అది చూసి, సెలవుల్లో తన దగ్గరికి పిలిపించుకునేది. పొద్దు పొడవకముందే జగిత్యాల నుంచి కోరుట్లకు, కోరుట్ల నుంచి జగిత్యాలకు రోడ్డు మీద తొక్కించేది. రాష్ట్ర పోటీలో కంచు పతకం వచ్చిన రోజు రామస్వామి ముందు గదిలో గోడకు ఒక మేకు కొట్టి, పతకం తగిలించి, పనికి వెళ్ళిపోయాడు. దారిలో ఏడ్చాడని తర్వాత తెలిసింది.

పోయిన యాసంగి కోతలప్పుడు అక్షిత పడింది. కోతల కాలంలో ఆ కోరుట్ల రోడ్డు సగం వడ్లదే. కల్లం లేని రైతు ఆరబోసుకోవడానికి ఇంకెక్కడికి పోతాడు? బండ్లు ఎక్కకుండా వడ్ల అంచున రాళ్ళు వరసగా పేరుస్తారు. మేడిపల్లి దాటాక ఎదురుగా ట్రాక్టరు దూసుకొచ్చింది. అక్షిత ఎడమకు ఒరిగింది. చక్రం వడ్లలో దిగి జారింది. హెల్మెట్ రాయికి తగిలి పగిలింది, ఎడమవైపు కాలర్ బోన్ విరిగింది. తల దక్కింది. "తలకు దెబ్బ తాకింది కాబట్టి, ఎప్పుడైనా తూలినట్టు ఉంటే వెంటనే చూపించుకోవాలి" అని డాక్టరు చెప్పి పంపాడు. ఆ మాటను తల్లిదండ్రులు ఆ వారంలోనే మరిచిపోయారు. అక్షిత మరిచిపోలేదు.

ఎముక అతుక్కుంది. కాలేజీకి పోతోంది, తింటోంది, నవ్వుతోంది. కాని సైకిలెక్కి సందు చివరిదాకా కూడా పోలేదు. "రేపు పోత" అనేది. రేపు ఎప్పటికీ రాలేదు. వానకాలం చివర రాష్ట్ర జట్టుకు ఎంపికలున్నాయి. అందుకని శ్రీవాణి తన ట్రైనర్‌ను బస్సులో వేసి పంపింది. ట్రైనర్ అంటే సైకిలు వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప స్టాండు. దాని మీద ఎంత తొక్కినా బండి ఇంట్లోనే ఉంటుంది. ప్రేమలతకు ఇంతకంటే ఏం కావాలి? "ఇంట్ల తొక్కుకుంటది. ట్రాక్టర్ లేదు, లారీ లేదు" అని మురిసిపోయింది.

ముందు గదిలో ఒకప్పుడు రామస్వామి సొంత సాంచెలు రెండు ఉండేవి. పాత ఇనుము కింద అమ్ముకున్నాక నేలలో బోల్టు రంధ్రాలు మిగిలాయి. మేస్త్రీ చెయ్యి ఊరుకుంటుందా? ట్రైనర్‌ను సరిగ్గా ఆ రంధ్రాల మీద పెట్టి, మట్టం చూసి, నేలకు బిగించేశాడు. "భూకంపమొచ్చినా కదలది" అన్నాడు, తనను ఎవరూ అడక్కపోయినా.

అక్షిత తొక్కింది. నాలుగు రోజులకు నడుం పట్టేసింది, తొడలు ఒరుసుకుపోయాయి. ఫోనులో వీడియో చూసి శ్రీవాణి నెత్తి కొట్టుకుంది.

"సాంచెను బిగించినట్టు బిగించినవేందన్నా? రోడ్డు మీద సైకిలు మనిషి కింద ఊగుతది. కుడికి ఇంత, ఎడమకు ఇంత. గది ఊగకుంటే ఒళ్ళు విరుగుతది. దాని కింద ఊగే పలక పెట్టాలె. కొననీకి పోతే మస్తు పిరం, ఇంట్ల చేసుకోవచ్చు. బొమ్మ పంపుత."

బతుకంతా వణుకు ఆపినవాడికి ఊపు పుట్టించే పని పడింది. వడ్రంగం చేసే చాంద్ పాషా చిన్నప్పటి దోస్తు. రెండు ప్లైవుడ్ పలకలు కోసిపెడుతూ, "ఊగకుంట చేసుడు నీ పని. ఊగెటట్టు చెయ్యమంటే నీకేం అస్తదన్నా?" అని ఎగతాళి చేశాడు. రామస్వామికి నిజంగానే రాలేదు. కింది పలక నడిమధ్య ఒక ఇనుప కడ్డీ పెట్టి, పాత సాంచె బేరింగుల్లో కూర్చోబెట్టి, దాని మీద పై పలక బిగించాడు. అటూ ఇటూ పిల్లలు ఆడుకునే రబ్బరు బంతులు పెట్టాడు. అయినా చెయ్యి పదేపదే బోల్టులు బిగించేది. పాషా వచ్చి వదులు చేసేవాడు. చివరికి పలక మెత్తగా, ఉయ్యాల తొట్టెలా ఊగింది. ట్రైనర్‌ను నేల నుంచి ఊడదీసి దాని మీద బిగించారు.

ఆ ఆదివారం పొద్దున అక్షిత ఎక్కింది. పలక కుడికి ఒరిగింది. "అబ్బ, మంచిగున్నది బాపూ" అని నవ్వింది. తర్వాత ఎడమకు ఒరిగింది. పిల్ల కెవ్వున అరిచింది. హ్యాండిల్ వదిలేసి తండ్రి అంగీ పట్టుకుని దిగి, నేల మీద కూర్చుండిపోయింది. పెదాలు తెల్లబడ్డాయి.

"ఏం గాలే బాపూ, ఏం గాలే" అంటూనే ఉంది.

"తీసి బయట పారెయ్యి గీ దయ్యాన్ని" అంది ప్రేమలత.

రామస్వామి పారెయ్యలేదు. కొత్త సాంచెను ఎవరూ తొలి రోజే పూర్తి వేగంతో నడపరు, కొంచెం కొంచెంగా అలవాటు చేస్తారు. నాలుగు చెక్క ముక్కలు కోసి, పై పలక అంచుల కింద దూర్చాడు. ఇప్పుడు పలక ఒరగడానికి సందు లేదు. "ఇగ ఊగది బిడ్డా, ఎక్కు" అన్నాడు. అక్షిత నమ్మి ఎక్కింది. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి రాగానే తొక్కేది.

రెండో రోజు నుంచి రామస్వామి తన పని తాను మొదలుపెట్టాడు. పిల్ల అటు కాలేజీకి పోగానే ఇటు ముక్కలు లాగి, ఆకురాయితో కాస్త రాకి, మళ్ళీ అక్కడే దూర్చేవాడు. రోజుకు వెంట్రుక మందం. ఆ మేరకు పలక ఒరుగుతుంది. పిల్లకు తెలియకుండానే ఊపు అలవాటవుతుంది, ఆ తర్వాత రోడ్డు దానంతటదే గుర్తొస్తుంది. చెబితే భయపడుతుంది కాబట్టి చెప్పకూడదు. చెప్పలేదు.

మొదటి వారం బాగానే సాగింది. పలక నూలుపోగంత ఊగుతున్నా అక్షిత గమనించనట్టే తొక్కింది. ఒక సాయంత్రం తొక్కుతూ కూనిరాగం కూడా తీసింది. రామస్వామి గుమ్మం అవతల నిలబడి విని, లోపలికి రాకుండా అట్నుంచి అటే చాయ్ తాగడానికి పోయాడు. అంత సంతోషాన్ని ఎవరి ముందైనా బయటపెట్టడానికి ఆయనకు సిగ్గు.

ఆ తర్వాత లెక్క తప్పింది. ఇవాళ ఊగిన పలక రేపు బండరాయిలా ఉండేది. ఎల్లుండి ఉన్నట్టుండి మళ్ళీ ఊగేది. రామస్వామి తల గోక్కుని ఇంకాస్త రాకేవాడు. ఒకరోజు అక్షిత దిగి, పలక వంక చూస్తూ అడిగింది.

"బాపూ, దీనికి ఏమన్న జేసినవా?"

"ఏం జెయ్యలే బిడ్డా. ఎందుకు?"

"నిన్న ఊగింది. ఇయ్యాల ఊగుతలేదు."

"నీకు గట్ల అనిపించిందేమో" అన్నాడు రామస్వామి, నేసేవాళ్ళతో ఎన్నోసార్లు అన్నట్టే.

ఆ వారంలోనే రెండు మూడుసార్లు ఆ పిల్ల మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం రామస్వామి చూశాడు. మోకాలు నొప్పేమో అనుకున్నాడు. అన్నం తగ్గింది, మాట తగ్గింది. తొక్కడం మాత్రం మానలేదు. పళ్ళు బిగించి తొక్కేది, ఎడమకు ఒరిగినప్పుడల్లా కళ్ళు మూసుకునేది. తండ్రి గుండె పీకుతూనే ఉంది. అయినా పలక పని కదా, పూర్తయితే అంతా సర్దుకుంటుందనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం చూస్తే బంతి ఒకటి పగిలి చప్పబడి ఉంది. మార్చాలంటే పై పలక మొత్తం ఎత్తాలి. ఎత్తాడు. లోపల, బంతుల పక్కన, అంచు నుంచి చూస్తే కనబడనంత లోతుగా నాలుగు గుడ్డ ఉండలు ఉన్నాయి. పాత చీర చింపి, గట్టిగా చుట్టి, గులాబీ రంగు దారంతో కట్టిన ఉండలు. ఆ ముడి ఈ ఇంట్లో రోజూ వందల బీడీలకు పడే ముడి.

ఉండలు పట్టుకుని వసారాలోకి వచ్చాడు. ప్రేమలత చాట ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది.

"ఏమే, గివ్వేంది?"

"బట్టలు." తల ఎత్తలేదు.

"బట్టలని నాకు ఎరుకే. పలక కింద ఎందుకున్నయి?"

"నువ్వు చెక్కలెందుకు రాకుతున్నవో, గందుకే."

రామస్వామి నోరు తెరిచాడు. "నీకెట్ల ఎరుక?"

"పొద్దుగాల లేస్తే గా పొట్టు ఊడ్చేది ఎవలు? నువ్వు ఊడుస్తున్నవా?"

ప్రేమలత కత్తెర పక్కన పెట్టింది.

"గా దినం ఫోన్ ఎత్తింది నేను, అక్షిత బాపూ. నువ్వు పనికాడ ఉంటివి. జగిత్యాల దాకా బస్సుల కూసున్నంత సేపు, బిడ్డ ఉన్నదో లేదో నాకు తెల్వది. గీ పలక ఎడమకు ఒరిగితే నాకు మళ్ల గా బస్సుల కూసున్నట్టే అయితది. పొల్ల మొఖం చూసేది. మొఖం మంచిగ లేని దినం గివి కట్టెతోని లోపలికి దూర్చేది, మంచిగున్న దినం గుంజేది. ఏం జెయ్యాలె మరి? నాకు వశం గాలే."

రామస్వామి ఆమె పక్కన నేల మీద చతికిలబడ్డాడు. కోపం రావాల్సింది, రాలేదు. ఆ బస్సు సంగతి ఆమె ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఆయన అడగలేదు.

"నేను రాకుడు, నువ్వు నింపుడు" అన్నాడు చివరికి. ఇద్దరికీ నవ్వొచ్చింది. చాలా రోజులకు ఇద్దరూ కలిసి నవ్వారు. నవ్వి, ఒక ఒప్పందానికి వచ్చారు. ఇక ఎవరూ ఏమీ ముట్టవద్దు. చెక్కలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి, గుడ్డలు తీసెయ్యాలి. పిల్లకు మాత్రం చెప్పొద్దు, అనవసరంగా మనసు కష్టపెట్టుకుంటుంది. చూశారా, పుట్టుకతో వచ్చిన బుద్ధి! అంతా అయ్యాక కూడా చెప్పొద్దనే అనుకున్నారు.

ఆ మాట పూర్తవుతుండగానే ఫోను మోగింది. శ్రీవాణి.

"అన్నా, అక్షితను హైదరాబాద్ ఎప్పుడు తోల్కపోతున్రు?"

"హైదరాబాదా? ఎందుకు మేడం?"

"మీకు చెప్పలేదా? తలల ఏదో చెడ్డదట అన్నా. పలకను ఎవ్వలు ముడుతలేరట. అమ్మను అడిగిందట, బాపును అడిగిందట. అయినా ఒకనాడు ఊగినట్టుంటదట, ఒకనాడు ఊగనట్టుంటదట. డాక్టర్ చెప్పిన తూలుడు గిదే అంటున్నది. ఇగ సైకిల్ తొక్కనని పొద్దున ఫోన్ల ఏడ్చింది. ఎంపికల పట్టీ పంపుడు ఇయ్యాలనే ఆఖరు. ఏం జెయ్యాలె, అక్షిత జాగల మల్లాపూర్ పిల్ల పేరు పెట్టిన."

రామస్వామి ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉండిపోయాడు. మెట్ల దగ్గర గోడ పట్టుకున్న చెయ్యి కళ్ళ ముందు కనబడింది. మోకాలనుకున్నాడు! చేతితో సాంచె జబ్బు పట్టేవాడు, కళ్ళెదుట తిరిగే బిడ్డ భయాన్ని పట్టలేకపోయాడు. ప్రేమలతకు ఫోను మాటలు వినబడ్డాయి. "నన్ను గూడ అడిగిందయ్యా" అంది. "నీకు గట్ల అనిపించిందేమో అన్న."

"నేను గూడ గదే అన్న" అన్నాడు రామస్వామి.

అక్షిత కాలేజీ నుంచి వచ్చేదాకా ఇద్దరూ అక్కడి నుంచి లేవలేదు. పిల్ల గుమ్మంలో కాలు పెట్టగానే రామస్వామి లేచి నిలబడ్డాడు. చెప్పడం రాదు ఆయనకు. చెక్క ముక్కలు ఒక చేత్తో, గుడ్డ ఉండలు ఒక చేత్తో చాపి, "నేను రాకిన బిడ్డా. మీ అమ్మ నింపింది. నీ తలల ఏం లేదు" అన్నాడు.

అక్షితకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. సంతోషపడుతుందనుకున్నారు తల్లిదండ్రులు. సంతోషపడలేదు.

"నేను అడిగిన" అంది. "మిమ్ముల ఇద్దరిని అడిగిన."

"తప్పయింది బిడ్డా."

"ఇద్దరు ఒక్కటే మాట చెప్పిన్రు. అనిపించిందేమో అన్నరు. గోడ వట్టుకొని మెట్లు దిగుతున్న. రోడ్డు దాటాల్నంటే ఎవలన్న ఉన్నరా అని చూస్తున్న. మీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక ఎన్ని దినాల సంది..." పిల్ల సంచిని ఎదకు అదుముకుంది. "నాకు పిచ్చి లేస్తున్నది అనుకున్న బాపూ. రోడ్డు మీద పడ్డ దానికంటే గదే ఎక్కువ భయమైంది."

ప్రేమలత దగ్గరికి పోబోయింది. అక్షిత వెనక్కు జరిగింది. ఆ ఒక్క అడుగు ఆ తల్లికి ఎముక విరిగినంత నొప్పి.

"మేడంకు ఫోన్ జేస్త. మళ్ల పేరు పెట్టుమంట" అన్నాడు రామస్వామి.

"పోయింది బాపూ. చేతులు కాలినంక ఆకులు వట్టుకుంటే ఏమొస్తది?" కళ్ళు తుడుచుకుంది. "మల్లాపూర్ పిల్ల మంచిగనే తొక్కుతది. పోనియ్యి."

సంచి పక్కన పడేసి ముందు గదిలోకి నడిచింది. పగిలిన బంతి తీసి కొత్తది పెట్టి, తండ్రి ఎత్తి పెట్టిన పలకను తనే మోసి కూర్చోబెట్టింది. ట్రైనర్‌కు అడ్డం లేకుండా సర్దింది. నేల మీద బోర్లా పడుకుని, కింద ఏ మూల ఏముందో తన కళ్ళతో చూసుకుంది. ట్రైనర్ ఎక్కించి, సైకిలు బిగించింది. సాయం చెయ్యబోతే వద్దంది. అంతా అయ్యాక చెక్కలు తండ్రి చేతుల్లో పెట్టింది, గుడ్డలు తల్లి చేతుల్లో కుక్కింది.

"పట్టుకోన్రి. కనబడేటట్టు పట్టుకోన్రి."

ఎక్కింది. రెండడుగుల దూరంలో తల్లీ తండ్రీ గోడకు ఆనుకుని నిలబడ్డారు, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లాగే. పెడల్ తిరిగింది. పలక కుడికి ఒరిగింది, నిలబడింది. తర్వాత ఎడమకు ఒరిగింది. ఈసారి కింద ఏ అడ్డూ లేదు, పూర్తిగా ఒరిగింది. అక్షిత గొంతులోంచి అరుపు సగం వచ్చి ఆగింది. ముఖం పాలిపోయింది. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద వణికింది.

చెక్కలు కింద పడ్డ చప్పుడైంది. రామస్వామి చెయ్యి, ఆయనకు తెలియకుండానే, పలక అంచు మీద ఉంది. ముప్పై ఏళ్ళుగా వణికేదాన్ని పట్టి ఆపిన చెయ్యి. పలక ఆగిపోయింది.

అక్షిత తొక్కడం ఆపలేదు. ముందుకే చూస్తూ అంది:

"బాపూ, నా కిందేం ఆనింది?"

ఏం లేదు బిడ్డా అనే మాట రామస్వామి నాలుక చివరిదాకా వచ్చింది.

"నా చెయ్యి బిడ్డా. నేనే వట్టుకున్న."

"తియ్యి."

తియ్యడానికి ఆయనకు కాస్త సేపు పట్టింది. ఒక్కొక్క వేలే ఎత్తాడు.

"తీసిన బిడ్డా" అన్నాడు, అందరికీ వినబడేలా.

"నేను గూడ ఏం ముడుతలేను" అంది ప్రేమలత గోడ దగ్గర నుంచి, గుడ్డలు రెండు చేతులతో పైకెత్తి.

పలక మళ్ళీ ఎడమకు ఒరిగింది. అక్షిత ఈసారి కళ్ళు మూసుకోలేదు.